డర్ట్ బైక్ వెనక షాక్: విప్పిన లెక్క, బిగించిన లెక్క

బండి 140 సీసీ ఎయిర్‌కూల్డ్ డర్ట్ బైక్, సెకండ్‌హ్యాండ్. వెనక ఒకటే షాక్ (షాకబ్జర్బర్), దాని కింద లింకేజ్, అంటే షాక్‌ని చక్రంతో కలిపే ముక్కల జత. మోడల్ పేరు పక్కన పెడుతున్నాను. కవాసకి వాళ్లు యూని-ట్రాక్ అన్నా, హోండా వాళ్లు ప్రో-లింక్ అన్నా, సుజుకి వాళ్లు ఫుల్ ఫ్లోటర్ అన్నా లోపల జరిగేది ఇంచుమించు ఒకటే. షాక్ కింది కొన నేరుగా స్వింగ్ ఆర్మ్‌ని (వెనక చక్రాన్ని మోసే చేయి) పట్టుకోదు, మధ్యలో రాకర్ అనే ఊగే ముక్క, దాన్ని కలిపే టై రాడ్లు ఉంటాయి. అవి ఏ మూల ఉంటాయన్నది బండిబండికీ మారుతుంది. కేటీఎం పీడీఎస్ లాంటి లింకేజ్ లేని షాక్ మీదైతే 3, 4 దశలు దాటేయండి.

ఫిర్యాదు ఇది: గులకరాళ్ల మీద వెనక చక్రం కర్రలా కొడుతోంది. చిన్న గట్టు దూకిస్తే మాత్రం అడుగంటా కూర్చుని ఠక్కుమంటోంది. చూసినవాళ్లంతా "షాక్ పోయింది, కొత్తది వేసెయ్" అన్నారు. ఒకే షాక్ ఒకచోట గట్టిగానూ, ఇంకోచోట మెత్తగానూ ఎలా ఉంటుందన్నది ఎవరూ చెప్పలేదు. అందుకే స్పానర్ కంటే ముందు టేపు పట్టుకున్నాను.

పనిచేసిన చోటు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్. సముద్రం పక్కనే. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, బోల్టు దగ్గర అవసరమవుతుంది.

దశ 1: విప్పకముందు కొలతలు

వాడినవి: స్టీలు టేపు, మార్కర్, వెర్నియర్, చెక్క దిమ్మ, బండి పట్టుకోవడానికి ఒక మనిషి. మా పిన్ని కొడుకు దొరికాడు.

1. వెనక ఇరుసుకి నిటారుగా పైన, మడ్‌గార్డ్ మీద మార్కర్‌తో గీత పెట్టాలి. ప్రతి కొలతా ఇరుసు నుంచి ఆ గీతకే.
2. ఇంజను కింద దిమ్మ పెట్టి చక్రం గాల్లో వేలాడేలా చేసి కొలవాలి.
3. దిమ్మ తీసి, బండి వెనక భాగం కాస్త పైకి లేపి, నెమ్మదిగా దించి కొలవాలి.
4. సీటు కిందికి నొక్కి, నెమ్మదిగా వదిలి మళ్లీ కొలవాలి.
5. మనిషి ఎక్కి కూర్చున్నాక 3, 4 మళ్లీ చేయాలి.

వచ్చిన అంకెలు (బరువు పడ్డాక, గాల్లో కొలత కంటే ఎంత కిందికి దిగిందో అదే సాగ్):

- చక్రం గాల్లో: 562 మి.మీ.
- బండి బరువు ఒక్కటే: లేపి దించితే 557, నొక్కి వదిలితే 539. సాగ్ 5, 23.
- హెల్మెట్, బూట్లతో 74 కిలోల మనిషి ఎక్కితే: 505, 481. సాగ్ 57, 81.

వెనక చక్రం మొత్తం ప్రయాణం 230 మి.మీ. మనిషి ఎక్కినప్పుడు అందులో మూడో వంతుకి కాస్త తక్కువ, అంటే 70 దగ్గర కూర్చుంటే మంచిదన్నది వాడుకలో ఉన్న లెక్క. 57, 81 సగటు చేస్తే 69. చూడ్డానికి చక్కని అంకె! ఒక్కసారే కొలిచి ఊరుకునేవాళ్లకి ఈ బండి సాగ్ బాగానే ఉందనిపిస్తుంది. అసలు సంగతి ఆ రెంటి మధ్య ఉన్న 24 మి.మీ. తేడాలో ఉంది. సరిగ్గా ఉన్న బండిలో ఈ తేడా నాలుగైదు మిల్లీమీటర్లు దాటదు. ఇక్కడ చక్రాన్ని పైన వదిలితే పైనే ఆగుతోంది, కింద వదిలితే కిందే ఆగుతోంది.

షాక్‌లో ఆయిల్ పోతే బండి ఎగిరెగిరి పడుతుంది తప్ప ఇలా వదిలినచోట ఆగిపోదు. ఆగిపోతోందంటే ఎక్కడో ఇనుము ఇనుముని పట్టుకుంది. కాబట్టి రోగాలు రెండు. అడుగంటడం ఒకటి, పట్టేయడం ఇంకొకటి.

విప్పే ముందు రాసుకున్నవి ఇంకో రెండున్నాయి. షాక్ బండి మీద ఉండగానే స్ప్రింగు పొడవు 212 మి.మీ. నొక్కుకున్న షాక్ ఎంత వేగంగా తిరిగి తెరుచుకోవాలో సర్దే రీబౌండ్ స్క్రూ పూర్తిగా మూసి లెక్కపెడితే 11 క్లిక్కులు. ఈ రెండూ రాసుకోకుండా షాక్ ఎవరి చేతికీ ఇవ్వకండి.

దశ 2: విప్పడం

ముందురోజు రాత్రే లింకేజ్ బోల్టులన్నింటికీ రెండు వైపులా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాను.

1. సీటు, రెండు సైడ్ ప్యానెళ్లు తీయాలి.
2. సైలెన్సర్ తీయాలి. షాక్ రిజర్వాయర్ (గ్యాస్ ఉండే పక్క డబ్బా) అటువైపే ఉంది.
3. కార్బురేటర్‌ని ఎయిర్ బాక్సుతో కలిపే రబ్బరు గొట్టం క్లిప్పు వదులు చేసి వెనక్కి తోయాలి. కార్బురేటర్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి.
4. బండి ఫ్రేమ్ కింద దిమ్మ పెట్టాలి, స్వింగ్ ఆర్మ్ కింద కాదు. వెనక చక్రం నేలకి అంగుళం ఎత్తులో ఉంటే చాలు.
5. ప్రతి బోల్టు తల ఏ వైపు ఉందో ఫోటో తీయాలి. కొన్ని బోల్టులు తిరగేసి పెడితే చైనుకో, బ్రేకు పెడల్‌కో తగులుతాయి.
6. షాక్ కింది బోల్టు ముందు, పై బోల్టు తర్వాత.

ఆరో అంకె దగ్గర ఒక కిటుకు. నట్టు ఊడినా బోల్టు రాదు, ఎందుకంటే వేలాడుతున్న చక్రం బరువంతా దాని మీదే ఉంటుంది. టైరు కింద ఒక చీలిక చెక్క దూర్చి, కొద్దికొద్దిగా లోపలికి తన్నుతూ బోల్టుని వేళ్లతో తిప్పి చూడాలి. బరువు పడని ఎత్తు ఒకటి దొరుకుతుంది. అక్కడ మంచి బోల్టయితే వేళ్లకే వచ్చేస్తుంది.

నా బండిలో టై రాడ్ల బోల్టు, రాకర్ బోల్టు అలాగే వచ్చాయి. షాక్ కింది బోల్టు మాత్రం నట్టు ఊడాక స్పానర్‌కి తిరుగుతోంది కానీ పక్కకి రోమంత కూడా జరగదు. బోల్టుతోపాటు రాకర్ లోపలి స్లీవు (బోల్టు చుట్టూ ఉండే ఇనుప గొట్టం) కూడా తిరుగుతోంది. అంటే బోల్టూ స్లీవూ తుప్పుతో ఒకటైపోయాయి. ఇక్కడి గాలిలో ఉప్పు, పైగా ప్రతి రైడ్ తర్వాత ప్రెషర్ వాషర్‌తో కడగడం. ఆ నీళ్లు సీలుని దాటి లోపలికి వెళ్తాయి, మళ్లీ బయటికి రావు. పాత యజమాని బండిని అద్దంలా ఉంచాడు, లోపల గ్రీజు ముట్టుకున్న జాడ లేదు.

ఖర్చు: స్ప్రే, గుడ్డ పీలికలు, బ్రష్షు 520. ఇప్పటిదాకా మొత్తం రూ. 520.

దశ 3: పట్టేసిన బోల్టు

ఎక్కువ సమయం తిన్నది ఇదే. పనిచేయనివి ముందు చెబుతాను.

సుత్తి: నట్టుని బోల్టు కొసకి సమంగా బిగించి, మర కొనలు పాడవకుండా, పైన ఇత్తడి ముక్క పెట్టి కొట్టాలి. అలాగే కొట్టాం. కదల్లేదు. కొట్టిన దెబ్బంతా షాక్ కింది కొనలో బోల్టు పట్టే రెండు చీలిక చెవులకి పోతోంది, అవి అల్యూమినియం. కాబట్టి ఎక్కువసేపు సాగించలేదు.

వేడి: లింకేజ్‌లో ఎక్కడ బోల్టు పట్టేసినా గ్యాస్ టార్చి పెట్టమంటారు. ఇక్కడ కుదరదు. ఆ బోల్టుకి నాలుగు వేళ్ల పైనే షాక్ రాడ్డు, సీలు, ఆ పైన ఒత్తిడితో ఉన్న నైట్రోజన్. గ్యాస్ నింపిన షాక్‌కి మంట చూపించకూడదు, దీనికి మినహాయింపు లేదు.

హ్యాక్సా: చెవికీ రాకర్‌కీ మధ్య సీలు ఉన్న సన్నటి సందులో బ్లేడు దూరుతుంది. బోల్టుని అక్కడ రెండు వైపులా కోసేస్తే షాక్ ఊడుతుందన్నది ఆలోచన. సీలు రబ్బరు కోసుకుంటూ పోయి ఇనుముకి తగలగానే బ్లేడు జారడం మొదలైంది. తీసి చూస్తే పళ్లు నున్నగా అరిగిపోయాయి. కొత్త బ్లేడుకీ అదే గతి. బోల్టు చుట్టూ ఉన్న స్లీవు మీద సూదుల్లాంటి రోలర్లు దొర్లుతాయి కాబట్టి దాన్ని బాగా గట్టిపరిచి చేస్తారు. హ్యాక్సా బ్లేడు దాన్ని కోయలేదు.

గ్రైండర్: 1 మి.మీ. డిస్కుతో కోయొచ్చు. కానీ నిప్పురవ్వలు షాక్ రాడ్డు మీద పడితే క్రోమ్ మీద మచ్చలు పడతాయి, ఆ మచ్చ తర్వాత సీలుని కోస్తుంది. తడిగుడ్డ కప్పి చేసేవాళ్లున్నారు. నాకు మనసొప్పలేదు.

పనిచేసింది చాలా చిన్న సంగతి. షాక్‌ని రాకర్ నుంచి వేరు చేయాలని బండి మీదే ఎందుకు కుస్తీ పట్టాలి? రాకర్ మిగతా రెండు బోల్టులూ ఎలాగూ ఊడాయి. షాక్, రాకర్ కలిపి ఒకే ముక్కగా బయటికి తీసేస్తే సరి.

1. వెనక చక్రం తీసేయాలి.
2. బ్రేకు గొట్టాన్ని క్లిప్పుల నుంచి విడిపించాలి, లేకపోతే స్వింగ్ ఆర్మ్ వేలాడినప్పుడు లాగేస్తుంది.
3. స్వింగ్ ఆర్మ్‌ని పూర్తిగా కిందికి వాలనివ్వాలి.
4. షాక్‌ని ఒక చేత్తో పట్టుకుని పై బోల్టు తీయాలి.
5. షాక్‌ని పావు వంతు తిప్పి, రాకర్‌తో సహా కిందినుంచి లాగాలి.

ఆ ముక్క పట్టుకుని గాజువాక ఆటోనగర్ వెళ్లాను. అక్కడ లేతు, ప్రెస్సు ఒకే షెడ్డులో ఉన్నచోటే వెతుక్కోండి, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, బండిని సముద్రంలో గానీ ముంచీసినావేటి?" అన్నాడు. ప్రెస్సు కింద పెట్టి నొక్కేయమన్నాను. "ఇలగే నొక్కితే ఈ చెవి ఇరిగిపోద్ది. అది ఇరిగితే షాకబ్జరే పోయినట్టు. ఆగు" అని, మూలనున్న మందపాటి పైపు ముక్క తీసి, లేతు మీద కింది చెవికి సరిగ్గా ఆనేలా దిమ్మ ఒకటి తిప్పాడు. ఆ దిమ్మ కింది చెవిని కిందినుంచి ఆదుకుని బరువంతా తను మోస్తుంది, చెవి వంగదు. తర్వాత ప్రెస్సు. కాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు, బోల్టు కదిలింది. మిగతాది మెత్తగా వచ్చేసింది.

బోల్టు మీద వెర్నియర్ పెడితే మధ్యలో 11.6, చివర్లలో 11.95. బోల్టు చెత్తలోకి, స్లీవు కూడా.

ఖర్చు: బ్లేడులు 140, లేతు, ప్రెస్సు కలిపి 400. మొత్తం రూ. 1,060.

దశ 4: బేరింగులు

రాకర్‌లో మూడు చోట్ల నీడిల్ బేరింగులు. షాక్ వైపున్నది విప్పితే సూదుల బదులు ఎర్రటి పొడి రాలింది, అందులో కొన్ని సూదులు విరిగి ఉన్నాయి. టై రాడ్ల వైపుది తిరుగుతోంది కానీ ఇసుక నలిగిన చప్పుడు. మూడోది ఒక్కటే బాగుంది. మూడూ మార్చడమే మేలు, ఎందుకంటే ప్రెస్సు దగ్గరికి వెళ్లడం ఎలాగూ తప్పదు.

బయటికి నొక్కించే ముందు ఒక్క కొలత తప్పనిసరి: రాకర్ అంచు నుంచి బేరింగు ఎంత లోపలికి ఉంది. నా దాంట్లో 5 మి.మీ. ఆ 5 మి.మీ. గుంటలోనే డస్ట్ సీలు కూర్చుంటుంది.

సైజు కొలిస్తే లోపలి వ్యాసం 18, బయట 24, వెడల్పు 16. బేరింగు షాపులో ఈ సైజు చెబితే హెచ్‌కే 1816 అని తీసి చేతిలో పెట్టేస్తారు. తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి పాతదాని పక్కన పెడితే తేడా కనబడింది. పాతదాంట్లో సూదులు ఒకదాన్నొకటి రాసుకుంటూ చుట్టూ నిండుగా ఉన్నాయి. కొత్తదాంట్లో సూదులని వేరుచేస్తూ పంజరం ఉంది, సూదుల సంఖ్య తక్కువ.

పంజరం ఉన్నవి వేగంగా తిరిగే ఇరుసులకి బాగుంటాయి. లింకేజ్ బేరింగు ఎప్పుడూ గుండ్రంగా తిరగదు. కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది, అదీ దూకినప్పుడు పడే బరువంతా మోస్తూ. అక్కడ ఎన్ని సూదులుంటే అంత బరువు పంచుకుంటాయి. సైజు సరిపోయినంత మాత్రాన బేరింగు సరిపోయినట్టు కాదు. పాకెట్టు విప్పినవి షాపులో వెనక్కి తీసుకోలేదు. బేరింగులు, స్లీవులు, సీళ్లు కలిసి వచ్చే లింకేజ్ కిట్టు ఆర్డర్ చేశాను. కిట్టులో ఉన్నవి నిండు సూదులవే.

నిండు సూదుల బేరింగులో స్లీవు లేకుండా ఒక్క కుదుపు తగిలితే సూదులన్నీ నేల మీద ఉంటాయి. గ్రీజు దట్టంగా పూసి, స్లీవు దూర్చి ఉంచి, అప్పుడే రాకర్‌ని కదపండి.

ఖర్చు: పనికిరాని బేరింగులు 360, కిట్టు 4,650, కంపెనీ బోల్టు, నట్టు 780. మొత్తం రూ. 6,850.

దశ 5: షాక్ సంగతి

కిట్టు వచ్చేలోపు షాక్ చూశాను. స్ప్రింగు తీయడానికి దీనికి కంప్రెసర్ అక్కర్లేదు. పైన మరలున్న రింగు ఉంది. లాక్ రింగు వదిలి, మరలు బ్రష్షుతో కడిగి, రింగుని స్ప్రింగు గలగలలాడేదాకా పైకి తిప్పితే కింది పళ్లెం చేత్తో వచ్చేస్తుంది. రింగుని కొక్కెం స్పానర్‌తోనే తిప్పండి. సుత్తి, ఉలి పెట్టి కొడితే అల్యూమినియం పళ్లు రాలిపోతాయి. మర లేని షాక్ అయితే మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు, నొక్కుకుని ఉన్న స్ప్రింగు జారితే ముఖం మీదకే వస్తుంది.

స్ప్రింగు విడిగా 225 మి.మీ. బండి మీద 212 ఉంది కాబట్టి ప్రీలోడ్, అంటే స్ప్రింగు ముందే నొక్కుకుని ఉన్న కొలత, 13.

ఇప్పుడు గ్యాస్ ఉందో లేదో చూడటం. దీనికి ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ చాలు. షాక్‌ని నిలువుగా మెషీన్ మీద ఆనించి, రాడ్డు సగం లోపలికి వెళ్లేదాకా నొక్కి, కదలకుండా ఆపి అంకె చూడాలి. లెక్క సులువే. రాడ్డు మందం 14 మి.మీ., అంటే వైశాల్యం సుమారు 1.54 చదరపు సెంటీమీటర్లు. ఇలాంటి షాక్‌లలో నైట్రోజన్ సాధారణంగా 10 బార్ దగ్గర నింపుతారు. అప్పుడు రాడ్డుని బయటికి నెట్టే బలం 15 కిలోల పైమాట. మెషీన్ చూపించింది 4 కిలోలు. రాడ్డు లోపలికి పోయేటప్పుడు మధ్యలో గుటక వేసినట్టు ఒక చప్పుడు కూడా వచ్చింది, ఆయిల్‌లో గాలి కలిసిందన్నమాట. గట్టు దూకితే అడుగంటడానికి కారణం ఇది. రాడ్డు మీద గోరు తగిలే మచ్చ ఎక్కడా లేదు, అది అదృష్టం.

"పెట్రోలు బంకులో నైట్రోజన్ కొట్టించేయ్ అన్నయ్యా" అన్నాడు మా తమ్ముడు. అక్కడి ఏర్పాటు టైర్ల కోసం, రెండు మూడు బార్ల పని. షాక్‌కి కావలసింది దానికి మూడు నుంచి ఐదు రెట్లు. పైగా రిజర్వాయర్‌లో గ్యాస్ పట్టే చోటు చాలా తక్కువ కాబట్టి గొట్టం ఊడదీసేటప్పుడు పోయే కొంచెమే పెద్ద తేడా తెస్తుంది. అన్నిటికంటే ముందు, చెడిపోయిన ఆయిల్ మీద గ్యాస్ నింపి లాభం లేదు.

బెంగళూరులో సస్పెన్షన్ పని ఒక్కటే చేసే చోటికి కొరియర్ చేశాను. ఒత్తిడితో ఉన్నదాన్ని కొరియర్‌లో పంపడం ఇష్టంలేక, వాళ్లనడిగి, మిగిలిన గ్యాస్ వాల్వు పిన్ను నొక్కి వదిలేశాను. కళ్లద్దాలు పెట్టుకుని, వాల్వు మూతిని ముఖానికి దూరంగా తిప్పి. పెట్టెలో ఒక కాగితం: స్ప్రింగు 212, రీబౌండ్ 11, మనిషి 74 కిలోలు.

సీలు, ఆయిల్, పై బుష్, గ్యాస్ మార్చి పంపారు. మెషీన్ మీద పెడితే 15 దాటి చూపించింది. స్ప్రింగు పొడవు మాత్రం 216. కాగితం పెట్టె అడుగున అలాగే మడత పెట్టి ఉంది.

ఖర్చు: సర్వీసు 5,800, కొరియర్ రానూపోనూ 640. మొత్తం రూ. 13,290.

దశ 6: బిగింపు

మళ్లీ ఆటోనగర్. పాత బేరింగులు బయటికి, కొత్తవి లోపలికి. తెచ్చుకుని, స్లీవులు దూర్చి, సీళ్లు పెట్టి, షాక్ విడిగా ఉండగానే రాకర్‌ని ఫ్రేమ్‌కి బిగించి చూశాను. వేలితో తోస్తే ఊగింది. టార్క్ రెంచ్ (బిగువు కొలిచే స్పానర్) క్లిక్కుమనేదాకా బిగించాక బిగుసుకుపోయింది. బోల్టు వదులు చేస్తే మళ్లీ ఊగుతోంది.

ఇలా అయితే కారణం ఎప్పుడూ ఒక్కచోటే వెతకాలి. బోల్టు బిగిస్తే ఆ నొక్కుడంతా స్లీవు మోయాలి. అందుకే స్లీవు రాకర్ కంటే, సీళ్లతో కలిపినా, వెంట్రుకవాసి పొడుగ్గా ఉంటుంది. నా దాంట్లో ఒక వైపు సీలు స్లీవుని దాటి బయటికి పొడుచుకొచ్చింది. సీలు తీసి బేరింగు లోతు కొలిస్తే 3.5 మి.మీ. ఉండాల్సింది 5. సీలు కూర్చోవడానికి గుంట చాలక, బోల్టు బిగించగానే సీలే బ్రేకులా పట్టుకుంటోంది. ఈ స్థితిలో ఎవరైనా బోల్టు కాస్త వదులుగా ఉంచి నడిపేద్దామనుకుంటారు. వదులు బోల్టు స్లీవులో ఆడి చెవి రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారం చేసేస్తుంది. మళ్లీ ప్రెస్సు కిందికి తీసుకెళ్లి 5 దాకా నొక్కించాను. మేస్త్రి డబ్బులు తీసుకోలేదు, టీ తాగించాడు.

తర్వాత వరస:

1. బేరింగుల్లో నీటికి కరగని గ్రీజు, సూదుల మధ్య నుంచి పొంగి వచ్చేదాకా.
2. బోల్టు ఒంటి నిండా, స్లీవు లోపలి గోడకి కూడా గ్రీజు పలచగా. ఈసారి పట్టేయకుండా చూసేది ఇదే. మర మీద మాత్రం వద్దు, గ్రీజున్న మర మీద టార్కు అంకె అబద్ధం చెబుతుంది.
3. షాక్‌ని కిందినుంచి ఎక్కించి పై బోల్టు చేతి బిగువుగా.
4. రాకర్, టై రాడ్లు, షాక్ కింది బోల్టు, అన్నీ చేతి బిగువుగానే.
5. స్వింగ్ ఆర్మ్‌ని చేత్తో అడుగు నుంచి పై దాకా ఎత్తి దించాలి. ఎక్కడా గరగర ఉండకూడదు. రిజర్వాయర్ ఎక్కడా రాసుకోకూడదు.
6. అప్పుడు టార్కు. ఒక్కో బోల్టు బిగించాక మళ్లీ ఐదో అంకె.
7. ప్రతి నట్టు మీద, పక్కనున్న లోహం మీద కలిసేలా పెయింటు గీత. వదులైతే గీత విడిపోయి కనబడుతుంది.
8. చక్రం, బ్రేకు గొట్టం, చైను, సైలెన్సర్, సీటు. కార్బురేటర్ నోట్లో గుడ్డ తీయడం.

టార్కు అంకెలు ఇక్కడ రాయను. ఒకే కంపెనీ రెండు బళ్లకే వేరుగా ఉంటాయి, మీ బండి మాన్యువల్‌ది తీసుకోండి. స్లీవు, నీడిల్ బేరింగులున్న లింకేజ్‌ని ఏ ఎత్తులో బిగించినా పర్లేదు. రబ్బరు బుష్‌లున్న బండయితే మాత్రం చక్రం నేల మీద పెట్టి, బరువు పడ్డాకే బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది.

ఖర్చు: గ్రీజు 260. మొత్తం రూ. 13,550.

దశ 7: సాగ్ మళ్లీ

స్ప్రింగు 216 దగ్గర, వచ్చింది వచ్చినట్టే:

- బండి ఒక్కటే: 544, 541. సాగ్ 18, 21.
- మనిషితో: 489, 486. సాగ్ 73, 76.

లేపి దించినదానికీ నొక్కి వదిలినదానికీ తేడా 24 నుంచి 3కి దిగింది. పెట్టిన డబ్బంతా ఈ ఒక్క అంకెలో కనబడుతుంది. ఇక ఎత్తు సర్దడమే మిగిలింది.

రింగు మర ఒక చుట్టుకి 1.5 మి.మీ. పాత 212కి తేవాలంటే రెండు చుట్లూ ముప్పావుకి కాస్త తక్కువ. తెచ్చి చూశాను:

- బండి ఒక్కటే: 554, 552. సాగ్ 8, 10.
- మనిషితో: 499, 496. సాగ్ 63, 66.

స్ప్రింగు దగ్గర 4 మి.మీ. మారిస్తే చక్రం దగ్గర 10 మారింది. అంటే ఈ లింకేజ్ రెండున్నర రెట్లు. మీ బండి లెక్క ఇలాగే తీసుకోవచ్చు, తర్వాత ఊహించాల్సిన పని ఉండదు.

పాత 212నే పెట్టినా సాగ్ సగటు పాత 69కి రాకుండా 64 దగ్గర ఎందుకు ఆగింది? గ్యాస్. ముందు 4 కిలోలతో నెడుతున్న రాడ్డు ఇప్పుడు 15తో నెడుతోంది, ఆ పదకొండు కిలోలూ స్ప్రింగుకి తోడయ్యాయి. కాబట్టి ప్రీలోడ్ అంత అక్కర్లేదు. 214 దగ్గర ఆపాను:

- బండి ఒక్కటే: 549, 546. సాగ్ 13, 16.
- మనిషితో: 494, 491. సాగ్ 68, 71.

మనిషితో సాగ్ సరిగ్గా ఉండి, బండి ఒక్కదాని సాగ్ తక్కువగా ఉంటే స్ప్రింగు ఆ మనిషికి మెత్తనని అర్థం. బరువు మోయలేక ప్రీలోడ్‌తో నెట్టుకొస్తున్నాం. చాలామంది తిరగేసి అనుకుంటారు, సాగ్ తక్కువ కాబట్టి స్ప్రింగు గట్టిదని ఇంకా మెత్తనిది కొంటారు. ఈ బండి చిన్నది, స్ప్రింగు నాకంటే తేలికైనవాళ్ల కోసం పెట్టినది.

దశ 8: మట్టిలో

ఈ బండికి రిజిస్ట్రేషన్ లేదు, రోడ్డు మీద నడపకూడదు. ట్రాలీ ఆటోలో ఎక్కించి ఆనందపురం అవతల, తెలిసినవాళ్ల జీడితోట పక్కన ఇంకా ప్లాట్లు అమ్ముడుపోని లేఅవుట్‌కి తీసుకెళ్లాం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూస్తే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది కానీ అవి భూవారసత్వ స్థలం, చక్రం పడితే మట్టి మళ్లీ పేరుకోదు. కంబాలకొండ అభయారణ్యం సంగతి చెప్పనే అక్కర్లేదు.

గులకరాళ్ల మీద కర్ర దెబ్బ పోయింది. రీబౌండ్ 11 దగ్గర వరస గతుకుల్లో వెనక భాగం తేరుకోకముందే ఇంకో గతుకు వచ్చేస్తోంది. ఒక్కో గతుక్కీ ఇంకాస్త కిందికి దిగబడుతోంది. పాత ఆయిల్‌లో గాలి ఉన్నప్పుడు ఎవరో స్క్రూని మూసుకుంటూ పోయి ఉంటారు. ఒక్కో క్లిక్కు తెరుస్తూ 14 దగ్గర ఆపాను. గట్టు దూకితే అడుగంటడం తగ్గింది, పూర్తిగా పోలేదు. అది స్ప్రింగు వంతు.

ఇంటికి వచ్చి చూస్తే పెయింటు గీతల్లో మూడు కదల్లేదు, షాక్ పై బోల్టుది కొద్దిగా విడింది. కొత్త బుష్ సర్దుకుని ఉంటుంది. టార్కుకి బిగించి, కొత్త గీత పెట్టాను. తర్వాతి రైడ్‌కి అది కదల్లేదు.

కడగడం మార్చాను. లింకేజ్ వైపు ప్రెషర్ వాషర్ గన్ను తిప్పను, మగ్గు నీళ్లు, బ్రష్షు. సీజన్‌లో రెండుసార్లు షాక్ కింది బోల్టు ఒక్కటి లాగి చూసి, తుడిచి, గ్రీజు రాసి పెడతాను. చీలిక చెక్క కిటుకు తెలిశాక అది పావుగంట పని.

మిగిలినవి: ఒక మెట్టు గట్టి స్ప్రింగు, లోపలి వ్యాసం, పొడవు 225 సరిపోయేది. స్వింగ్ ఆర్మ్ పివట్ బోల్టు ఇంకా విప్పలేదు. అదీ ఇదే ఉప్పుగాలి తాగింది.